ఎడ్లకు ఉలవలు, కూలీకి ఊకదంపుడు

అమెరికాలో కొందరు డిస్క్ గోల్ఫ్ ఆటగాళ్లు మోటార్‌హోమ్‌లోనే కాపురం పెట్టి టోర్నీలు తిరుగుతారు. మన దగ్గర ఆ వైభోగం బండలాగుడు ఎడ్లది. శివరాత్రికి మేళ్లచెరువు జాతరలో ఒంగోలు జతలు డీసీఎంలు దిగుతాయి. వెంట ఎండుగడ్డి, ఉలవల బస్తా, నీళ్ల డ్రమ్ము, ఒళ్లు తోమడానికి మనిషి. పళ్లు చూసి విభాగం తేలుస్తారు, బండ ఎంత దూరం కదిలిందో అడుగుల్లో కొలుస్తారు. ఇందులో తప్పు పట్టేదేమీ లేదు. తిప్పలన్నీ పనికోసం మరో బండెక్కే పాలమూరు వలస కూలీవే.

1978 నాటి పశురవాణా నిబంధనల ప్రకారం లారీలో ఆరు పశువులకు మించకూడదు, కాళ్లు జారకుండా కింద పట్టా పరచాలి, తోడు మనిషి ఉండాలి. మరుసటి ఏడాదే, 1979లో, అంతర్రాష్ట్ర వలస కూలీకి దారి ఖర్చులివ్వాలని చట్టమొచ్చింది, కాగితం మీద. ఎడ్లకైనా నిబంధనలన్నీ అమలవుతున్నాయని కాదు. జత కుంటితే లక్షలు పోతాయన్న భయమే అక్కడ ఇన్‌స్పెక్టరు. కూలీ కుంటితే పనికి తోలుకెళ్లిన మేస్త్రీకి పోయేదేముంది, ఇంకొకడొస్తాడు. ‘ఎద్దు మూగజీవం, కూలీకి నోరుంది కదా’ అంటారా? అడ్వాన్సు పుచ్చుకున్న నోరు ఏపాటి లేస్తుందో మేస్త్రీనడగండి. దేశంలో ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు రాళ్లు మోసింది పాలమూరు లేబరే. వచ్చే జాతరలో వాళ్లకూ ఓ విభాగం పెడితే సరి: బహుమతి రాకున్నా, ఉలవలైనా దక్కుతాయి!