ఎల్స్ లేని షావుకారు

డేటాబేస్‌ని ప్రశ్న అడిగేటప్పుడు ‘ఇలా అయితే ఇది, అలా అయితే అది’ అనడానికి కేస్ అనే ఏర్పాటుంది. 1992 నాటి ఎస్‌క్యూఎల్ ప్రమాణంలోనే చేరింది. వెన్ దగ్గర షరతు, దెన్ దగ్గర ఫలితం, ఏదీ కుదరకపోతే ఎల్స్, చివర ఎండ్. చదవడానికి ఇంతే. బట్టల కొట్టు షావుకారు గారి దసరా డిస్కౌంటుని అందులో ఇమిడ్చేటప్పుడు తెలుస్తుంది అసలు సంగతి.

“రెండు వేలు దాటితే ఐదు శాతం, ఐదు వేలు దాటితే పది, పది వేలు దాటితే ఇరవై. రాసుకో బాబూ” అన్నారాయన.

చెప్పిన వరసలోనే రాస్తే కొంప మునుగుతుంది. కేస్ పైనుంచి చూసుకుంటూ వచ్చి, మొదట నిజమైన షరతు దగ్గరే ఆగిపోతుంది. లక్ష రూపాయల పట్టుచీరలు కొన్నవాళ్లూ రెండు వేలు దాటినవాళ్లే కదా, ఐదు శాతం పుచ్చుకుని వెళ్లమంటుంది. అందుకే పెద్ద అంకె ముందు రాయాలని చెప్పాను.

“అందరికీ ఐదుతో సరిపెడుతుందా? అయితే అలాగే ఉంచెయ్!” అన్నారు హుషారుగా.

“మరి రెండు వేల లోపు కొన్నవాళ్లకి?”

“వాళ్ల సంగతి మనకెందుకయ్యా?”

ఎందుకంటే, ఎల్స్ రాయకపోతే డేటాబేస్ సున్నా వెయ్యదు, నల్ వేస్తుంది. పెళ్లిచూపులకొచ్చినవాళ్లు ‘ఇంటికెళ్లి కబురు చేస్తాం’ అన్నట్టన్నమాట: అవునూ కాదు, కాదూ కాదు. రెండు సంబంధాలవాళ్లూ అదే మాట అన్నారని ఇద్దరి మనసులో ఉన్నదీ ఒకటేనా? నల్, నల్ సమానమా అని అడిగితే డేటాబేస్ కూడా తెలియదనే అంటుంది. 1200 రూపాయల బిల్లులోంచి తెలియని డిస్కౌంటు తీసేస్తే మిగిలేదీ తెలియనిదే. రాత్రి కొట్టు కట్టేసే ముందు సమ్ వేస్తే, అది నల్‌లని పలకరించకుండా దాటిపోతుంది. ఆ అమ్మకాలు లెక్కలోకే రావు.

షావుకారు గారి హుషారు దిగిపోయింది. “అయితే ఆ ఎల్స్ ఏదో పెట్టు.”

“సున్నా పెట్టనా?”

“సున్నా అంటే ఎలా? పాత ఖాతాల వాళ్లుంటారు, మా బావమరిది తరఫు వాళ్లుంటారు, బేరం తెగక లేచిపోయేవాళ్లుంటారు.”

“వాళ్లకెంత?”

“అదేముంది, మొహం చూసి ఇస్తాం.”

ఖాతాకి కాలమ్ చేర్చవచ్చు, బావమరిదికీ చేర్చవచ్చు. మొహానికి ఏ డేటా టైపు పెట్టను? చివరికి ఎల్స్ సున్నా అని రాసి, ఆయన చేత్తో కొట్టుకోవడానికి పక్కన ఒక గడి ఇచ్చాను. నింపకపోతే సున్నా అనుకోమని కోఅలెస్ కూడా తగిలించాను. ఇప్పుడు ఆ కొట్లో బిల్లులన్నీ ఆ గడి మీదే నడుస్తున్నాయి. నా కేస్ జోలికి ఎవరూ వెళ్లరు, అందువల్ల అది తప్పు కూడా చెయ్యదు.