మోటారుకు తొమ్మిది, మనిషికి పది

ఆంధ్రప్రదేశ్‌లో ఫ్యాక్టరీ కార్మికుడు రోజుకు 9 గంటలు కాదు, 10 గంటలు పనిచేయొచ్చని 2025లో చట్టం సవరించారు. పెట్టుబడులు రావాలి మరి!

అదే రాష్ట్రంలో రైతు బోరు మోటారుకు ఉచిత కరెంటు 9 గంటలు.

అంటే మోటారు కన్నా మనిషి ఓ గంట ఎక్కువే తిరగాలి.

న్యాయమే. మోటారు కాలితే రీవైండింగ్‌కు వేలు వదులుతాయి. మనిషికి జండూబామ్ చాలు, అదీ సొంత ఖర్చుతో.

మధ్యలో విరామం ఇదివరకు 5 గంటలు పనిచేశాక. సవరణతో 6 గంటలయ్యాక. కార్మికుడు టీకి లేస్తే పెట్టుబడి కూడా లేచి తమిళనాడు బస్సెక్కుతుందని భయం కాబోలు.

వారానికి 48 గంటలే, అది మారలేదని ఏలినవారి ఓదార్పు. సంతోషం. ఓవర్‌టైం మాత్రం మూడు నెలలకు 75 గంటల నుంచి 144కు పెంచారు.

144!

పాత 144 సెక్షన్‌కైతే లాఠీలు, పోలీసులు కావాలి. దీనికి అక్కర్లేదు. షిఫ్టు దిగాక గుమిగూడే ఓపిక ఎవరికుంటుంది?