ఎండ ఎరుగని బాటిల్

పొద్దున ఎనిమిదిన్నర వేళ కొత్వాల్‌గూడ పక్క నుంచి ఔటర్ రింగ్ రోడ్డు మీద గచ్చిబౌలి వైపు పరుగెత్తే కార్లలోకి ఒకసారి తొంగి చూడండి. మనిషి ఒక్కడే ఉంటాడు. కప్ హోల్డర్లో మాత్రం ఇంకొకరు ఠీవిగా కూర్చుని ఉంటారు. ఒళ్లంతా స్టీలు, పైన లేత గులాబీయో నాచు రంగో పూత, పట్టుకోవడానికి చెవి, నెత్తిన స్ట్రా. ఇన్సులేటెడ్ బాటిల్ అంటారు. వెల మూడు వేల నుంచి నాలుగున్నర వేల దాకా. 24 గంటలు నీళ్లను చల్లగా ఉంచుతానని అట్టపెట్టె మీద రాసుకుని మరీ వస్తుంది. ఉంచుతుంది కూడా. ఆ విషయంలో దాన్ని ఒక్క మాట అనడానికి లేదు.

అనవలసింది ఏమైనా ఉంటే అది చేస్తున్న ఉద్యోగాన్ని అనాలి. రాత్రంతా ఏసీ పడకగదిలో మంచం పక్కన ఉంటుంది. తెల్లారి ఫ్రిజ్ నీళ్లు నింపుకుని లిఫ్టులో సెల్లార్‌కు దిగుతుంది. ఏసీ కారెక్కి ఆఫీసు సెల్లార్లో దిగుతుంది. అక్కడ ఏసీ హాల్లో ల్యాప్‌టాప్ పక్కన సాయంత్రం దాకా కొలువుదీరుతుంది. నాలుగడుగుల దూరంలో చల్లనీళ్లకు ఒక కుళాయి, వేడినీళ్లకు ఒక కుళాయి ఉన్న కూలర్ దాన్ని చూసి ఏమనుకుంటుందో తెలియదు. సూర్యుడికీ ఈ బాటిల్‌కూ ముఖపరిచయమే లేదు. ఇంట్లోంచి కాలు బయటపెట్టని పెద్దమనిషికి జడ్ ప్లస్ భద్రత ఇచ్చినట్టుంది వ్యవహారం.

ఇక అందులోని నీళ్ల సంగతి. 1908లో మూసీ ఊళ్లను ఊడ్చేశాక, వరదను ఆపడానికీ నగరానికి నీళ్లివ్వడానికీ రెండు జలాశయాలు కట్టారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్. ఆ రెండింటి నీళ్లు చెడిపోకూడదని 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో కాలనీలు, హోటళ్లు, ఫ్యాక్టరీలు వద్దన్నారు. 2022లో ఆ కట్టుబాట్లను సడలించారు. హిమాయత్ సాగర్ పొరుగున ఇల్లు కొనుక్కున్న మనం బాల్కనీలోంచి చెరువును ఫొటో తీసుకుని, ఇరవై లీటర్ల క్యాన్ కోసం ఫోన్ చేస్తాం. ఆ క్యాన్ నీళ్లే నాలుగు వేల బాటిల్లోకి వెళతాయి. జలాశయం వ్యూ, క్యాన్ నీళ్లు, స్టీలు వైభోగం.

అదే ఔటర్ మీద, డివైడర్లో పూలమొక్కలకు పాదులు తీసే ఆడవాళ్లుంటారు. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి వాళ్ల నీళ్లు ఎక్కడున్నాయో వెతికితే కాగితప్పూల పొద నీడన దొరుకుతాయి. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. దానికి పాత చీర ముక్కో గోనెపట్టో చుట్టి, మెడ దగ్గర పురికొసతో కట్టి, గుడ్డ తడిపి ఉంచుతారు. గుడ్డలోని తడి ఆవిరై పోతూ పోతూ లోపలి నీళ్ల వేడిని వెంట తీసుకుపోతుంది. మన ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఇంట్లో కుండ చేసే పనే ఇక్కడ ఆ చీర ముక్క చేస్తుంది. వానాకాలం ఉక్కలో ఈ విద్య అంతగా పారదు గానీ అప్పుడు ఆ అవసరమూ అంతగా ఉండదు.

ఇక్కడ మన స్టీలు దొరవారి గురించి ఒక చేదు నిజం చెప్పుకోవాలి. ఆయనకు చల్లబరచడం చేతకాదు. చల్లటి నీళ్లు పోస్తే చల్లగా కాపాడతాడు, గోరువెచ్చటివి పోస్తే రోజంతా అంతే శ్రద్ధగా గోరువెచ్చగా కాపాడతాడు. నీళ్లను చల్లబరచగలిగింది పైసా ఖర్చు లేని ఆ చీర ముక్కే.

బాటిల్ లోపల ఏముందని అడిగితే, ఏమీ లేదు. నిజంగానే ఏమీ లేదు. రెండు స్టీలు గోడలు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ. ఆ ఖాళీ గుండా వేడి పాకలేదు. 1892లో జేమ్స్ దేవార్ అనే శాస్త్రవేత్త లండన్లో ద్రవరూప వాయువులను దాచుకోవడానికి గాజుతో ఇలాంటి పాత్ర చేయించుకున్నాడు. పేటెంట్ తీసుకోవడం మాత్రం మరిచాడు. 1904లో జర్మనీవాళ్లు దానికి థర్మోస్ అని పేరుపెట్టి అమ్ముకున్నారు. ఆయన కోర్టుకెక్కి ఓడిపోయాడు. అంటే ఈ వ్యాపారంలో ఖాళీని కనిపెట్టినవాడికి జేబు ఖాళీ అయింది, అమ్మినవాడికి నిండింది. అప్పటినుంచీ అదే సంప్రదాయం.

1913లో అమెరికాలో విలియం స్టాన్లీ గాజు తీసేసి మొత్తం స్టీలుతోనే చేశాడు. కింద పడినా పగలదు. దాదాపు వందేళ్లపాటు స్టాన్లీ ఫ్లాస్కు అంటే కూలిపనికి, వేటకు, చలిలో డ్యూటీకి వెళ్లే మగవాళ్ల కాఫీ సీసా. రంగు ముదురాకుపచ్చ. అలంకారం సొట్టలు. తర్వాత ఎవరికో జ్ఞానోదయమైంది. చెవి తగిలించారు, స్ట్రా గుచ్చారు, లేత రంగులు అద్దారు. 2019లో 7 కోట్ల డాలర్ల పైచిలుకు ఉన్న ఆ కంపెనీ అమ్మకాలు 2023 నాటికి 75 కోట్లకు చేరాయని పత్రికలు రాశాయి. ఎండలో పనిచేసేవాడి సీసా అలా ఏసీలోకి నడిచొచ్చింది. వెనక్కి వెళ్లే ఆలోచన ఉన్నట్టు లేదు.

సర్వీసు రోడ్డు మీద మేం టీ తాగే బడ్డీ దగ్గర ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే తమ్ముడొకడు కలుస్తుంటాడు. డాలస్ నుంచి వచ్చిన మా మేనకోడలు బహుమతిగా ఇచ్చిన బాటిల్ నా చేతిలో చూసి అడిగాడు.

“ఎంత సార్ ఇది?”

“అక్కడ నలభై అయిదు డాలర్లట.”

లెక్క కట్టుకున్నాడు. “నాలుగు వేలా! గంత పెడితె ఏం చేస్తది సార్?”

చెప్పాను. 2023 నవంబరులో అమెరికాలో ఒకావిడ కారు మంటల్లో కాలిపోయింది. సీట్లు, స్టీరింగు అన్నీ బొగ్గయ్యాయి. కప్ హోల్డర్లో ఈ రకం కప్పు మాత్రం అలాగే ఉంది. ఊపి చూస్తే లోపల ఐస్ ముక్కల చప్పుడు. ఆ వీడియో ప్రపంచమంతా తిరిగింది.

తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టాడు. “కారే కాలినంక ఐస్ ఏం చేసుకుంటరు సార్?”

“కప్పు కంపెనీవాళ్లు ఆవిడకు కొత్త కారు కొనిస్తామన్నారు.”

“గట్లయితె నాకూ ఒకటి ఇప్పియ్యున్రి.”

నవ్వాడు గానీ నిజానికి ఈ బాటిల్ కావలసిన మనిషి అతనే. శంషాబాద్ పార్కింగులో ట్రిప్పు పడేదాకా గంటలకు గంటలు కూర్చుంటారు. ఇంజన్ ఆపాలి, ఏసీ ఆపాలి, లేకపోతే వచ్చే కిరాయి డీజిల్‌కే సరి. “రెండింటికి ప్లాస్టిక్ బాటిల్ల నీళ్లు చాయ్ పెట్టుకునేటట్టు కాగుతయ్ సార్. నోట్లె పోసుకుంటె ఇంకింత దూప అయితది” అన్నాడు.

అందుకని అతనికి చెప్పిందే మీకూ చెబుతాను. మన బజార్లో దొరికే మామూలు రకం, లీటరుది, వెయ్యికి అటూ ఇటూగా వస్తుంది. అందులో ఉన్నదీ ఆ రెండు గోడలే, ఆ ఖాళీయే. నాలుగు వేల బాటిల్లో ఉన్న ఖాళీ ఇంకాస్త నాణ్యమైన ఖాళీ ఏమీ కాదు. అడుగున 304 అనో 18/8 అనో ఉందా చూడాలి. 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉన్న స్టీలు అది, తుప్పు దగ్గరికి రానివ్వదు. ఖరీదైనవాటిలోనూ సాధారణంగా అదే. ఈ బాటిళ్లకు ఐఎస్‌ఐ గుర్తు ఉండాలని కేంద్రం 2023లో ఉత్తర్వులిచ్చింది, అదీ చూసుకోవాలి. కొన్నాక మరిగే నీళ్లు పోసి మూత బిగించి, ఐదు నిమిషాలాగి ఒళ్లంతా తడిమి చూడాలి. మూతి దగ్గర తప్ప ఇంకెక్కడైనా వేడి తగిలితే ఖాళీలోకి గాలి చొరబడినట్టే. మొహమాటపడకుండా వాపసు చేయాలి.

ఇంకో సంగతి అమ్మేవాడు చెప్పడు. వేడి దొంగతనంగా దూరేది గోడల్లోంచి కాదు, మూతి దగ్గర. సన్నమూతి, బిగుతు మూత ఉన్న బాటిల్ బాగా కాపాడుతుంది. వెడల్పు మూతి, స్ట్రా అన్నవి అందం కోసం చల్లదనానికి పెట్టిన చిల్లులు. పైగా ఆ మూతలో వేలు కూడా పట్టని గాడిలో ఒక సిలికాన్ రింగు ఉంటుంది. ఒక్కరోజు అందులో మజ్జిగ పోశారో, బాటిల్‌ను ఎంత తోమినా ఆ రింగు మాత్రం వారం రోజులు పులుపు మరవదు. పిన్నీసుతో పైకి లాగి చూస్తే నల్లటి గీత కనిపిస్తుంది. దాన్ని కడుగుతుంటే ఒకనాడు ఆ రింగు సింకు కన్నంలోకి జారిపోతుంది. ఆ రోజుతో నాలుగు వేల బాటిల్ పూలకుండీ అవుతుంది. రింగు విడిగా దొరికే రకం కొనమని నా సలహా. రంగు ఏదైనా పర్వాలేదు.

అన్నట్టు, ఈ బాటిల్ పరువు పూర్తిగా పోయే చోటొకటి మా ఇంటికి దగ్గర్లోనే ఉంది. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాద్‌కు వచ్చినప్పటినుంచీ, పిల్లల్ని అమెరికా సాగనంపే కుటుంబాలకు ఆ డిపార్చర్ గేటు ఒక పుష్కరఘాటు. తల్లి కొడుకు బ్యాగులో కొత్త బాటిల్ పెడుతుంది. అందులో మిరియాలు, శొంఠి వేసి కాచిన కషాయం. “దిగేదాకా వేడిగానే ఉంటది బిడ్డా, మధ్యమధ్యల తాగు.” బాటిల్ మాట నిలబెట్టుకునేదే. కానీ అంతర్జాతీయ విమానంలోకి వంద మిల్లీలీటర్లకు మించిన ద్రవం చేతిసంచిలో పోదు. 2006 తర్వాత చాలా దేశాల్లో వచ్చిన రూలు ఇది. లోపల సెక్యూరిటీ దగ్గర ఆ పిల్లవాడు సలసలలాడే కషాయాన్ని తాగలేక, పారబోయడానికి మనసొప్పక, వెనక క్యూ గొణుగుతుంటే మూత తిప్పుతాడు. 24 గంటల హామీ గంటలోనే డబ్బాలో పడుతుంది. ఖాళీ బాటిల్‌కు మాత్రం అభ్యంతరం ఉండదు. ఏడు కిలోల చేతిసంచిలో అరకిలోకు కాస్త తక్కువ బరువుతో, తన ఖాళీని తాను మోసుకుంటూ, అది అమెరికా చేరుతుంది. పుట్టింటికి వెళ్లినట్టే కదా.

వెనకటి రోజుల్లో రైలెక్కేవాళ్ల చేతిలో ఇత్తడి మరచెంబు ఉండేది. దాన్ని చూపించి ఎవరూ గొప్పలకు పోలేదని చెప్పబోయాను గానీ అది అబద్ధం. మా తాతగారి తరంలో చెంబు మీద పేరు చెక్కించుకోనివాడు లేడు. కాకపోతే ఆ చెంబు మూడు తరాలు నడిచింది, చివరికి తూకానికి వేసినా డబ్బులొచ్చాయి. ఈ బాటిళ్లు అలా కాదు. మా అపార్ట్‌మెంట్లో ఒకరింట్లో అయిదు రంగులవి ఉన్నాయి. పర్యావరణం కోసం ప్లాస్టిక్ మానేశామని ఆవిడ అన్నారు. ఆరోదానికి ఆర్డరు పెట్టారు కూడా.

మొన్న ఏప్రిల్లో మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆ క్యాబ్ డ్రైవర్ల, రోడ్డు పనివాళ్ల గోడు పెట్టారు. వెంటనే కదలిక వచ్చింది. గేటు బయట చలివేంద్రం పెట్టాలని తీర్మానం. తాటాకు పందిరి, ఎర్రమట్టి కుండలు, ఇసుక దిమ్మె, మామిడాకుల తోరణం, ఫ్లెక్సీ. ఆదివారం పదకొండింటికి రిబ్బను కత్తిరించారు. ఎండ మండిపోతోంది. కార్యవర్గం అంతా కుండల ముందు వరసగా నిలబడి గ్లాసులెత్తి ఫొటో దిగారు. ఫొటో అయ్యాక గ్లాసులు దించి, ఎవరి బాటిల్ వాళ్లు తీసి దాహం తీర్చుకున్నారు.

వాచ్‌మన్ చేతులు కట్టుకుని అడిగాడు, “సార్, రేపటిసంది కుండలల్ల నీళ్లెవరు వోస్తరు?”

గ్రూపులో ఆ చర్చ ఇంకా నడుస్తోంది. క్యాన్ల ఖర్చు మెయింటెనెన్సులో కలపాలని కొందరు, కలపొద్దని కొందరు. వచ్చే ఏడాది ఫ్లెక్సీ మీద సెక్రటరీ ఫొటో ప్రెసిడెంటు ఫొటో అంత ఉండాలన్న దగ్గర మాత్రం రాజీ కుదిరింది.