వాగ్దాన కార్డు వాడే విధానం

డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో బుట్టలోంచి బైబిలు వచనం అచ్చేసిన వాగ్దాన కార్డు తీసుకున్నారా? క్లాంగ్‌లో తమిళ సంఘమైనా, కౌలాలంపూర్‌లో అద్దె హాల్లో జరిగే తెలుగు కూటమైనా పద్ధతి ఒకటే. ఇక ఏడాదంతా బైబిలు తెరిచే పని లేదు. తెరిస్తే చుట్టుపక్కల వచనాలు కంటబడతాయి. ప్రమాదమంతా అక్కడే ఉంది.

ముందు రాబర్ట్ ఎస్టియెన్ అనే ముద్రాపకుడికి దండం పెట్టుకోండి. 1551లో కొత్త నిబంధనకు వచన సంఖ్యలు వేసి అచ్చేసినవాడు ఆయనే. ఆ నంబర్లే లేకపోతే పౌలు ఉత్తరాల్ని ఉత్తరాల్లా చదవాల్సి వచ్చేది. ఇక్కడ మలేషియాలో రోడ్డు మీద నుజ్జయిన కారు నంబరు చూసి ఫోర్‌డీ లాటరీ టికెట్టు కొనేవాళ్లున్నారు. వాళ్ల భక్తీ మీ భక్తీ ఒకటే.

కార్డు మీద యిర్మీయా 29:11 వచ్చిందనుకుందాం. సాధారణంగా అదే వస్తుంది. దేవుడు మీకు మేలే తలపెట్టాడన్న మాట. ఫ్రిజ్‌కి అంటించండి. వర్క్ పర్మిట్ రెన్యువల్‌కీ, అబ్బాయి యూనివర్సిటీ సీటుకీ, ఇంటి లోనుకీ అన్నిటికీ అదే పనికొస్తుంది. పై వచనం జోలికి మాత్రం పోకండి. అక్కడ డెబ్బై ఏళ్లని ఉంది. అది బబులోను చెరలోకి పోయినవాళ్లకి యెరూషలేము నుంచి వెళ్లిన ఉత్తరం. ఇప్పట్లో రాలేరు గనక ఇళ్లు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ ఊరి క్షేమం కోసమే ప్రార్థన చేయండి అని అందులో ఉంది. అందుకున్న పెద్దవాళ్లలో చాలామంది తిరుగుప్రయాణం చూడకుండానే పోయుంటారు.

ఈ సంగతి మలేషియా తెలుగువాళ్లకి అసలు తెలియనివ్వకండి. విశాఖ, గోదావరి జిల్లాల్లో కూలీల్ని కుదిర్చే కంగాణీ మాట విని ఓడెక్కి, బాగాన్ దాతుక్ కొబ్బరితోటల్లోనో, ఎక్కడో రబ్బరు తోటల్లోనో దిగినవాళ్లలో నాలుగు డబ్బులు చేసుకుని ఊరెళ్లిపోదామనుకున్నవాళ్లు ఎందరో. చివరికి కాపురాలు ఇక్కడే, మనవలు ఇక్కడే. 29వ అధ్యాయం మొదటినుంచి చదివితే అది తాతగారికి వచ్చిన ఉత్తరంలా ఉంటుంది. అప్పుడు పర్మిట్ రెన్యువల్‌కి ఏ వచనం అంటిస్తారు?

28వ అధ్యాయం ఇంకా చేటు. రెండేళ్లలో అంతా చక్కబడుతుందని హనన్యా అనే ప్రవక్త జనానికి నచ్చేలా చెప్పాడు. ఆ ఏడాదే పోయాడు. రెండేళ్లలో అప్పు తీరిపోతుందన్న ఏజెంటు మాట నమ్మి వచ్చిన కుర్రాళ్లు కూటంలో ఉంటే ఆ పేజీ తిప్పనే తిప్పకండి.

ఫిలిప్పీయులకు 4:13ను బ్యాడ్మింటన్ జెర్సీ వెనక వేయించుకోవచ్చు. దాని పైవచనంలో, ఆకలినీ లేమినీ ఓర్చుకోవడం నేర్చుకున్నానంటాడు పౌలు, అదీ ఖైదులో ఉండి. జెర్సీ మీద అంత చోటుండదు.

పెళ్లికి రూతు 1:16. ఎక్కడికైనా నీ వెంటే వస్తానన్న మాటను పెళ్లికూతురు పెళ్లికొడుకు కళ్లలోకి చూస్తూ చదివితే వీడియోలో బాగా వస్తుంది. నిజానికి రూతు ఆ మాట అన్నది అత్తగారితో, అదీ మొగుడు పోయాక. ముందు వరసలో కూర్చున్న అత్తగారికి ఈ ముక్క చెప్పకండి, పాపం ఆశపడుతుంది.

"అంకుల్, ఇలా చదవొచ్చని బైబిల్లో ఉందా?" అని ఏ యూత్ పిల్లాడో అడిగితే తడబడకండి. మత్తయి 4వ అధ్యాయం తీసి చూపించండి. యేసును దేవాలయ శిఖరం మీంచి దూకమంటూ అపవాది 91వ కీర్తన అప్పజెప్పాడు. 11, 12 వచనాల దగ్గర ఆపేశాడు. 13లో పాముల్ని తొక్కే మాట వస్తుంది మరి. యేసు ఇచ్చిన జవాబు ద్వితీయోపదేశకాండము 6:16లో ఉంది గానీ, మీరు అటు వెళ్లొద్దు. అది అర్థం కావాలంటే మస్సా దగ్గర నీళ్ల గొడవ తెలియాలి, దానికి నిర్గమకాండము 17 తియ్యాలి, అక్కడ కథ ఇంకా వెనకనుంచే మొదలవుతుంది.