క్లబ్‌హౌస్‌లో అమృతవర్షిణి

(హైదరాబాద్ శివార్లలో ఒక గేటెడ్ కమ్యూనిటీ. శివరాత్రి వెళ్లింది, ఎండలింకా ముదరలేదు. ట్యాంకర్లు మాత్రం అప్పుడే గేటు దగ్గర హారన్ కొడుతున్నాయి.)

సెక్రటరీ: రండి టీచరుగారూ. ఈసారి మన వీణ కచేరీలన్నీ సీజన్ వారీ. ఉగాది పొద్దున్న ఎనిమిదింటికి వసంత రాగం. పేరులోనే ఉందిగా!

టీచరమ్మ: వసంత సాయంత్రం పాడుకునే రాగమండీ.

యూట్యూబ్ బాబాయి: ఋతువుకో రాగమని శాస్త్రం ఉందమ్మా. నిన్ననే వీడియో చూశాను.

టీచరమ్మ: ఆ పట్టింపు హిందుస్తానీ వారిది బాబాయిగారూ. వానాకాలానికి మల్హార్లు, వసంతానికి బహార్. మన దగ్గర అంత లేదు. కావాలంటే చిట్టిబాబుగారి ‘కొమ్మలో కోయిల’ వాయిస్తాను. వీణ మీద అచ్చంగా కోయిలే కూస్తుంది.

సెక్రటరీ: కోయిలా? ఆ వేపచెట్టు విజిటర్స్ పార్కింగ్‌కి కొట్టించేశాం కదండీ. జనానికి పాత గాయం గుర్తుచేసినట్టవుతుంది. మే నెలకి వద్దాం. లాన్‌లో అమృతవర్షిణి, సాయంత్రం నాలుగింటికి. దీక్షితులవారు ఎట్టయపురంలో పాడితే వాన కురిసిందట!

టీచరమ్మ: అలా చెప్పుకుంటారు. ఆయన ఎండిన పొలాలు చూసి పాడారంటారు, ఎండిన లాన్ చూసి కాదు.

బాబాయి: అప్పట్లో బోర్లు లేవుగా, మరి పాడక ఏం చేస్తారు!

టీచరమ్మ: మే నెల ఎండలో వీణ బయటపెట్టడమే కుదరదండీ. దండి మీద ఇరవై నాలుగు మెట్లు. వాటిని పట్టి ఉంచేది మేకులు కాదు, మైనం. వేడికి అది మెత్తబడితే మెట్టు జరుగుతుంది, మెట్టుతో స్వరం జరుగుతుంది. అమృతవర్షిణి అని మొదలుపెడితే ఏ రాగంలో తేలతానో నాకే తెలీదు. తర్వాత మేళం కట్టించాలి. మైనమంతా తీసి, ఒక్కో మెట్టూ చెవితో విని నిలబెట్టేవాళ్లు ఎక్కడున్నారు? బొబ్బిలి పక్కన గొల్లపల్లి దాకా మోసుకెళ్లాలి.

సెక్రటరీ: పోనీ ఏసీ హాల్?

టీచరమ్మ: చలికి తంతులు శ్రుతి తప్పుతాయి. ముందే తెచ్చి హాల్లో కాసేపు ఉంచాలి.

సెక్రటరీ: వీణ ఊరికే కూర్చున్నా హాలు అద్దె పడుతుందండీ. (రాసుకుంటూ) దసరాకి రోజుకో చీర రంగు, రంగుకో రాగం. ఎలా ఉంది?

టీచరమ్మ: రోజుకో రాగం పద్ధతి తిరువనంతపురం నవరాత్రి మండపంలో ఉందండీ. స్వాతి తిరునాళ్ కృతులు. శంకరాభరణంతో మొదలుపెట్టి ఆరభితో ముగిస్తారు. అక్కడ చప్పట్లు కొట్టరు.

సెక్రటరీ: అయ్యబాబోయ్! చప్పట్లు లేకపోతే స్పాన్సర్‌గారి ఉపన్యాసం ఎలా ఆగుతుంది? (ఈ ఒక్క మాటలో ఆయన అనుభవం ఉంది.) సరే, మహర్నవమి నాడు మాత్రం భారీగా...

టీచరమ్మ: ఆ రోజు వీణ పూజలో ఉంటుంది. తాకను.

సెక్రటరీ: మిమ్మల్ని తాకమన్నదెవరు? పట్టుచీర కట్టుకుని స్టేజీ మీద కూర్చోండి చాలు. సౌండు నా ఫోన్లోంచి వస్తుంది.

టీచరమ్మ: ఏ రాగం పెడతారో?

బాబాయి: అమృతవర్షిణే పెట్టించు సెక్రటరీ. దసరా నాటికి మన బోరు మళ్లీ ఎండుతుంది.