మెర్లో ఆత్మకథ

నేను మెర్లోని. ఎర్ర వైన్ కోసం పండించే నల్లద్రాక్షని. తోట వేసేవాళ్ళు నా గింజ నాటరు, కొమ్మ కత్తిరించి అంటు కడతారు. అందుకే ఫ్రాన్స్‌లో ఉన్నా, కాలిఫోర్నియాలో ఉన్నా అదంతా నేనే. ఎక్కడో ఒక తోటలో పరువు పోతే అన్ని తోటల్లోనూ తల దించుకోవాల్సిందే.

నా పుట్టిల్లు ఫ్రాన్స్‌లోని బోర్డో సీమ. 1784 నాటికే అక్కడి రాతల్లో నా పేరుంది. నాన్న కాబెర్నే ఫ్రాంక్. అమ్మ ఎవరో మాత్రం 2009 దాకా లోకానికి తెలియదు. పల్లెటూళ్ళలో ఇళ్ళ ముందు పాకుతూ మిగిలిపోయిన ఒక మరుగునపడ్డ తీగే నా తల్లి అని డీఎన్‌ఏ పరీక్షలు తేల్చాయి. నేడు లోకం నెత్తిన పెట్టుకున్న కాబెర్నే సోవిన్యోన్‌కూ మా నాన్నే తండ్రి, తల్లి వేరు.

ఆ సోవిన్యోన్‌ది మందపు తోలు, గట్టి వగరు. నాది పల్చటి తోలు, మెత్తటి రుచి. తనకన్నా ముందే పండుతాను. ముందే చిగురిస్తాను కనక మంచు దెబ్బ తగిలేదీ నాకే. చల్లటి బంకమట్టి నాకు ప్రాణం. బోర్డోలోని పొమెరోల్‌లో అలాంటి నేల మీదే పెట్రుస్ అనే వైన్ తయారవుతుంది. అందులో ఉండేది దాదాపు అంతా నా రసమే. మామూలు సంసారులు ఆ సీసా ధర అడగడానికి కూడా జంకుతారు.

1991లో అమెరికా టీవీ కార్యక్రమం 'సిక్స్‌టీ మినిట్స్' ఒక మాట చెప్పింది: ఫ్రెంచివాళ్ళు కొవ్వు బాగా తింటున్నా గుండెజబ్బులు తక్కువట, ఎర్ర వైనే కారణం కావచ్చట. ఇప్పటి వైద్యులు ఆ మాట మీద అంతగా నిలబడరు గానీ, అప్పటి జనం ఎగబడ్డారు. కొత్తగా తాగేవాళ్ళకు వగరు పడదు. వాళ్ళకు నేను దొరికాను. కొన్నేళ్ళలోనే కాలిఫోర్నియాలో నా సాగు సుమారు 50 వేల ఎకరాలకు చేరింది. వేడి మైదానాల్లో నాటారు, నీళ్ళు దండిగా పెట్టారు, తీగ మోయలేనన్ని గుత్తులు కాయించారు. కాపు పెరిగితే రసం పలచబడుతుంది. ఆ చప్పటి రసానికి నా పేరు అంటించి అమ్మారు.

2004లో అలెగ్జాండర్ పేన్ తీసిన 'సైడ్‌వేస్' సినిమా వచ్చింది. అందులో మైల్స్ అనే పాత్ర మెర్లో తాగనే తాగనని బూతు కలిపి అరుస్తాడు, పినో నువార్ అనే మరో ద్రాక్షను ఆకాశానికెత్తుతాడు. హాలంతా నవ్వింది. పినో గిరాకీ పెరిగింది, నన్ను అడిగేవాళ్ళు తగ్గారు. చిత్రమేమిటంటే, మైల్స్ ప్రాణంగా దాచుకుని చివరికి ఫాస్ట్‌ఫుడ్ హోటల్లో వాడిపారేసే కప్పులో పోసుకు తాగే 1961 నాటి ష్వాల్ బ్లాంక్ వైన్‌లో ఉన్నది మా నాన్నా, నేనూ! సినిమాని తిట్టి లాభం లేదు. అత్యాశతో నన్ను పలచన చేసినవాళ్ళు అంతకు ముందే పని ముగించారు.

తర్వాత చాలా తోటల్లో నన్ను పీకేశారు. కొన్నిచోట్ల నా మొండెం మీదే వేరే రకం అంటు కట్టారు. కాలిఫోర్నియాలోని నాపా లోయలో టన్ను కాబెర్నే సోవిన్యోన్‌కు పలికే ధరలో నాకు వచ్చేది సగానికి అటూఇటూ. ఇక రైతు నన్నెందుకు ఉంచుకుంటాడు?

అయినా ఆ పీకుడు నాకు మేలే చేసింది. నేల నప్పనిచోట చాలావరకు పోయాను, నప్పినచోట మిగిలాను. నాపాలోని త్రీ పామ్స్ తోటలో పండిన నా 2014 కాపుతో డక్‌హార్న్ సంస్థ చేసిన వైన్‌ను 2017లో 'వైన్ స్పెక్టేటర్' పత్రిక ఆ ఏటి మేటి వైన్‌గా ఎంచింది. వాషింగ్టన్ రాష్ట్రంలోని కొలంబియా లోయలోనూ నాకు మంచి పేరే ఉంది.

వైన్ అలవాటున్నవారికి నా మాట ఒకటే. నా సీసా మీద ఏ లోయ, ఏ తోట అన్నది చదవండి. ఊరూ పేరూ లేనిదైతే వదిలేయండి. మంచి నేల పేరుంటే కొనండి. అదే తోటలో పుట్టిన కాబెర్నే సోవిన్యోన్ కన్నా చాలాసార్లు తక్కువకే వస్తాను.