మిక్సీ మీమాంస

(స్థలము: సంగ్రహారావుగారి ముందరి సావడి. కుర్చీలుండవలసిన చోటనెల్ల పాత మిక్సీలు కొలువుతీరియుండుటచే, వచ్చిన చుట్టములు నిలువుకాళ్లపైననే కుశలప్రశ్నలు ముగించుకొని పోవుచుందురు. గురువారమునాడు హైదరాబాదు జుమేరాత్ బజారులో ప్రొద్దెక్కకముందే బేరమాడి తెచ్చిన క్రొత్త మిక్సీ యొకటి, అనగా మిక్కిలి పాతది, పట్టుతువాలుపై తలక్రిందుగా నుండ, దాని యడుగుభాగమును రావుగారు భూతద్దముతో పరిశీలించుచుందురు. ఇల్లాలు నానిన మినపపప్పు గిన్నెతో ప్రవేశించును.)

ఇల్లాలు: ఏమండీ, వంటింట్లో మిక్సీ ఉన్నట్టుండి ఆగిపోయింది. మేస్త్రికి కబురుపెట్టాను. అతను వచ్చేలోగా, ఇక్కడున్న ఇన్నిటిలో ఒక్కదానికైనా ఊపిరుంటే చెప్పండి, గారెలకు పప్పు రుబ్బుకుంటాను.

సంగ్రహారావు: విద్యుత్తు తగిలించుటయా! ఎంత సాహసము! నూలుతొడుగు తీగ నలుగక నిలిచియున్న యంత్రముల జోలికి రావలదని నీకెన్నిమారులు చెప్పితిని? ఇటు వచ్చి యీ రేకును జూడుము. శాసనపరిశోధకునకు తామ్రపత్రమెట్టిదో నాకిది యట్టిది. ఇందు బొంబాయి యని చెక్కియున్నది. ఆ నగరము 1995లో ముంబయి యయ్యెను గావున యంత్రము తత్పూర్వపుది. ఊరిపేరు ప్రక్కన పాతకాలపు తపాలా మండలపు అంకెయే గాని ఆరంకెల పిన్‌కోడు కానరాదు. పిన్‌కోడు 1972 ఆగస్టు 15వ తేదీన అమలులోనికి వచ్చినది గావున, యంత్రము దానికంటెను వెనుకటిది. ఇక వోల్టుల ప్రక్కన హెర్ట్‌జ్ అని గాక సైకిల్స్ అని యున్నది. హెర్ట్‌జ్ అను పేరును తూనికలు కొలతల అంతర్జాతీయ మహాసభవారు 1960లో అంగీకరించినను, కర్మాగారములవారు మరికొంతకాలము పాతమాటనే వ్రాయుచు వచ్చిరి. ఇన్ని సాక్ష్యములు ఒక్కనోట పలుకుచుండ సంశయమునకు తావెక్కడిది?

ఇల్లాలు: సంశయం నాకు లేదు. పప్పు పులుస్తుందన్న దిగులే ఉంది.

సంగ్రహారావు: ఈ దేశమున మిక్సీ పుట్టుటకే ఒక యిల్లాలి చిరాకు కారణమని యెరుగుదువా? బొంబాయిలో మాధురీ మాథుర్ అను గృహిణి జర్మనీనుండి వచ్చిన బ్రౌన్ యంత్రముతో మన మసాలాలు నూరబోగా నది చెడిపోయెను. సీమెన్స్ సంస్థలో ఇంజనీరుగానున్న భర్త సత్యప్రకాశ్ మాథుర్‌గారు, పండ్లరసమునకును పాలమీగడకును చాలిన మోటారు పసుపుకొమ్మునకును ఎండుకొబ్బరికిని చాలదని కనిపెట్టి, అంతకంటె బలమైన మోటారును గూర్చి, 1963లో సుమీత్ మిక్సీని వెలువరించెను.

ఇల్లాలు: ఆ మహానుభావుడు భార్య మిక్సీ ఆగిపోతే కొత్తది కనిపెట్టాడు. మీరు భార్య మిక్సీ ఆగిపోతే పాతది కొనుక్కొచ్చారు.

(ఇంతలో నామె తమ్ముడు, ఇరువది యేండ్లు ఒహాయోలో నుండి తిరిగివచ్చి అమెరికా రావని ప్రసిద్ధికెక్కినవాడు, అట్టపెట్టె నెత్తుకొని ప్రవేశించును.)

అమెరికా రావు: బావగారూ, మీ సుమీత్ పుట్టుటకు ముప్పదిమూడేండ్లు ముందే, 1930లో, సన్‌బీమ్ వారు ఈవార్ జెప్సన్ రూపకల్పన చేసిన మిక్స్‌మాస్టరును విపణిలో నిలిపిరి. జంటకవ్వము లొకదానిలో నొకటి చొచ్చి తిరుగుట చూడదగినది. హోబార్ట్ వారి కిచెన్‌ఎయిడ్ తొలిరూపము 1919 నాటిది, అరువదియైదు పౌనుల బరువు. వారే 1937లో వెలువరించిన కె నమూనా ముక్కునకు నేటి ఉపకరణములును అమరును. నేను తెచ్చినది మిక్స్‌మాస్టరు. ఈ వెనుకచక్రముపై ఏ వంటకమునకు ఏ వేగము తగునో అచ్చువేసియున్నది, అక్కయ్యా!

ఇల్లాలు: ఏదీ చూడనీ. కేకు ఉంది, మీగడ ఉంది, ఉడికిన బంగాళాదుంప కూడా ఉంది. గారెలపిండి ఎక్కడరా, తమ్ముడూ?

అమెరికా రావు: గారెలపిండి లేదు. అదియునుగాక దీనిని మన ప్లగ్గున పెట్టరాదు; ఇది నూటయిరువది వోల్టులది, ఇక్కడివి రెండువందలముప్పది. మధ్య స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు కావలెను. అది రెండవ పెట్టెలో నున్నది. మోయుటకు మనిషిని పిలువవలెను.

(బావయు బావమరిదియు, ఏది ముందు, ఏది మిన్న యని వాదమున బడి, వేర్వేరు పనులకై పుట్టిన రెండు యంత్రములను ఒకే త్రాసున తూచుచుందురు. పిండి కలుపువానికిని పప్పు రుబ్బువానికిని పోటీయేమని వారిలో నెవ్వరికిని తోచదు. సంచి భుజాన వేసికొని మేస్త్రి ప్రవేశించును.)

సంగ్రహారావు: మంచివేళకు వచ్చితివి, మేస్త్రీ! ఈ యంత్రము వయస్సు చెప్పుము. నేను తేల్చితినిగాని, నీ నోటను వినవలెనని కోరిక.

మేస్త్రి: (రేకుమీద బొటనవ్రేలు నడిపి) అయ్యగారూ, రేకు పాతదే. రివెట్లు మాత్రం నిన్నగాక మొన్న కొట్టినవి, మెరుపు తగ్గలేదు. ఈ రేకు చుట్టూ చూడండి, రంగు వెలవని చట్రం ఒకటి కనిపిస్తోంది. అంటే ఇక్కడ ఇంతకంటే పెద్ద రేకు ఏళ్ల తరబడి ఉండి, తర్వాత ఊడింది. ఇక మోటారు తిరిగి చుట్టించారు. వార్నిష్ వాసన ఇంకా పోలేదు. కప్లరు వేరే కంపెనీది. జారు మూడో కంపెనీది; అందుకే గాడిలో కూర్చోకుండా ఊగుతోంది.

సంగ్రహారావు: (క్షణకాలము నిశ్చేష్టుడై) అయినను రేకు ప్రామాణికమేనందువు గదా?

మేస్త్రి: రేకు ప్రామాణికమే, అయ్యగారూ.

అమెరికా రావు: అయితే బావగారు కొన్నది రేకు, మిగిలినది కొసరు!

ఇల్లాలు: మేస్త్రీ, ఆ పంచాయితీ తర్వాత. ముందు నా మిక్సీ చూడు. ఇడ్లీబియ్యం కాస్త ఎక్కువ పోశాను, వేడెక్కి ఠక్కున ఆగింది. ఆర్మేచరు కాలిందంటావా, కార్బన్ బ్రషులు అరిగాయంటావా?

(మేస్త్రి వంటింటి మిక్సీని తెచ్చి, వాసన చూచి, తలక్రిందులు చేసి, అడుగున నున్న యెర్రని బొత్తామును వ్రేలితో నొక్కి, ప్లగ్గు తగిలించును. మిక్సీ గిర్రున తిరుగును.)

మేస్త్రి: కాలిన వాసన లేదమ్మగారూ. భారం ఎక్కువైతే మోటారు కాలకుండా ఈ బొత్తాం పైకి వచ్చి కరెంటు ఆపేస్తుంది. కాసేపు చల్లారనిచ్చి నొక్కితే చాలు. జారులో సగానికి మించి పోయకండి, మధ్యమధ్య ఆపుతూ తిప్పండి.

ఇల్లాలు: పొద్దస్తమానం మిక్సీల అడుగులు భూతద్దం పెట్టి చూసే మనిషి ఇంట్లో ఉండి కూడా నాకు ఈ బొత్తాం సంగతి తెలియలేదు!

సంగ్రహారావు: పనిచేయు మిక్సీ అడుగును నేనెన్నడును చూచి యెరుగను.

(ఇల్లాలు పప్పు గిన్నెతో నిష్క్రమించును. లోపలినుండి మిక్సీ రొద.)

మేస్త్రి: బొత్తాం నొక్కినందుకు నాకేమీ ఇవ్వక్కర్లేదు, అయ్యగారూ. తుక్కుకు పోయే మిక్సీల నుంచి ఊడదీసిన రేకులు నా కొట్లో ఒక డబ్బానిండా ఉన్నాయి. మీకు పనికొస్తాయేమోనని అడుగుతున్నాను.

సంగ్రహారావు: (గొంతు తగ్గించి) వానిలో పిన్‌కోడు లేనివి కలవా?

మేస్త్రి: ఉన్నాయి. వాటికి ధర రెట్టింపు.